ఫలానా వారికి: మర్రిపాడు సీమలో ఖాళీ గీత చరిత్ర

ఒకే పాఠాన్ని వేలమందికి పంపుతూ, అందులో పేరు, ఊరు, తేదీ, మొత్తం వంటి కొన్ని చోట్లను మాత్రం ఖాళీగా విడిచి, పంపే క్షణంలో వాటిని ఒక్కొక్కరి వివరాలతో యంత్రం చేత నింపించే పద్ధతి మీదనే నేడు బ్యాంకులు, విద్యుత్ సంస్థలు, ప్రభుత్వ శాఖలు సెల్‌ఫోన్లకు పంపే సందేశాలు నడుస్తున్నాయి. ఆ ఖాళీని పట్టి ఉంచే గుర్తు కంప్యూటర్‌తో పుట్టినదిగా కనిపించినా, తెలుగు నేలపై దాని వయస్సు కొన్ని వందల ఏళ్లు. నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల తూర్పు పాదాల దగ్గర, ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతాల నడుమ ఉన్న మర్రిపాడు వంటి మెట్ట గ్రామాల్లో పూజ, భూదానం, అప్పు, పెళ్లి అనే నాలుగు సందర్భాలూ ఖాళీ ఉన్న పాఠాలతోనే జరుగుతూ వచ్చాయి. ఈ చరిత్రలో గమనించవలసినవి రెండు: ఖాళీని ఎవరు నింపారన్నది మొదటిది, పేరు వచ్చి కూర్చున్నప్పుడు వాక్యం చెదరకుండా తెలుగు భాష చేసుకున్న ఏర్పాటు రెండవది.

ఖాళీకి పెట్టిన పాత పేర్లలో ‘అముక’ ఒకటి. సంస్కృతంలో దానికి ‘ఫలానా’ అని అర్థం. పత్రాలు ఎలా రాయాలో చెప్పే సందర్భంలో యాజ్ఞవల్క్య స్మృతి, ఇరుపక్షాల వారూ కోరగా అముకుని కుమారుడైన అముకుడు దీనిని రాశాడని లేఖకుడు చివర రాయాలని విధిస్తుంది. అప్పుపత్రాల చివర ‘దస్తూరి’ అని రాసి, ఆ పక్కన రాసినవారి పేరు చేర్చే అలవాటు తెలుగు పల్లెల్లో నేటికీ ఉంది. స్మృతి చెప్పిన పనినే ఆ ఒక్క మాట చేస్తున్నది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగా 13వ శతాబ్దిలో ‘విజ్ఞానేశ్వరీయము’ అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో కూర్చిన కేతన, నెల్లూరి మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు తన ‘దశకుమారచరిత్రము’ను అంకితమిచ్చిన కవి. తెలుగులోనే రాసిన తొలి తెలుగు వ్యాకరణమైన ‘ఆంధ్రభాషాభూషణము’ కూడా ఆయనదే. వ్యవహారధర్మం, భాషాధర్మం ఒకే కలం నుంచి, ఒకే సీమతో అనుబంధంగా వెలువడటం ఈ వ్యాసవిషయానికి ఎంతో తగిన సంగతి, ఎందుకంటే పత్రంలోని ఖాళీ ఈ రెండింటికీ సంబంధించినది. ‘ఫలానా’ అన్న మాట ఆ తర్వాత కాలంలో అరబ్బీ ‘ఫులాన్’ నుంచి, పారసీ ఉర్దూల మీదుగా, నవాబుల కచేరీల వెంట వచ్చి చేరింది. పురోహితుని నోట ‘అముక’ మిగిలితే, కచేరీలోనూ ఊరి రచ్చబండ మీదా ‘ఫలానా’ నిలిచింది.

పూజకు ముందు చెప్పే సంకల్పం ఖాళీల నిర్మాణానికి మంచి ఉదాహరణ. సంకల్పమంటే ఈ కర్మను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు చేస్తున్నారో ప్రకటించే వాక్యం. వ్రతకల్పాల పుస్తకాల్లో ‘నామ సంవత్సరే’ అన్న మాటకు ముందు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కల్లోకి ప్రభవ మొదలు అక్షయ వరకు ఉన్న 60 పేర్లలో ఒకటి మాత్రమే రాగలదు. అయనానికి రెండు పేర్లు, ఋతువుకు ఆరు, వారానికి ఏడు. ఇవి పంచాంగం చూసి నింపే మూసిన ఖాళీలు. గోత్రం, పేరు మాత్రం తెరిచిన ఖాళీలు. అక్కడికి వచ్చేసరికి పురోహితుడు ఆగి, గోత్రనామాలు చెప్పుకొమ్మని గృహస్థుకు వదిలిపెడతాడు. మధ్యలో ప్రదేశం ఉంది. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చుని పూజ చేస్తున్నారో చెప్పాలి గనుక మర్రిపాడులో అది శ్రీశైలానికి ఆగ్నేయమూ కృష్ణా కావేరుల మధ్య ప్రదేశమూ అవుతుంది. అమెరికాకు వెళ్లిన తెలుగువారి ఇళ్లలో జంబూద్వీపం స్థానంలో క్రౌంచద్వీపం అని పురోహితులు చెబుతున్నారంటే, ఖాళీని ఎంత శ్రద్ధగా నింపాలన్న పట్టుదల సముద్రాలు దాటిందన్నమాట. ఇక్కడ ఇంకొక నేర్పు ఉంది. పేరును దాని సహజ రూపంలోనే పలికి, దాని వెనుక ‘నామధేయస్య’ అని చేర్చితే, సంస్కృత విభక్తి భారమంతా ఆ వెనుక మాట మోస్తుంది. ఏ తెలుగు పేరైనా మారకుండా కూర్చుంటుంది. ఇలాంటి మాటను కీలు అనవచ్చు. తలుపు ఏదైనా దాన్ని గోడకు కట్టి ఉంచేది కీలే.

భూదానాల సంగతికి వస్తే, నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు భాగాలుగా ప్రచురించారు. ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాలు సహా తాలూకాల వారీగా అమర్చిన ఆ సంపుటాలను వరసగా చదివితే ఒకే చట్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, తిథి, ఏలే రాజు బిరుదులు, దాత, గ్రహీత, భూమి ఎల్లలు, చివర దానాన్ని హరించినవారికి పట్టే పాపం. 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయల రాగిశాసనాలు ఈ విషయంలో మరింత స్పష్టమైనవి. దేవతాస్తుతి, తుళువ వంశావళి, రాజు విజయాలు ఉన్న సంస్కృత శ్లోకాలు ఒక శాసనం నుంచి మరొక శాసనానికి దాదాపు యథాతథంగా నడుస్తాయి; మారేది తేదీ, గ్రామం, గ్రహీతలు. శాసనపాఠం కూర్చినవాడిగా సభాపతి పేరు, చెక్కినవాడిగా మల్లణ కుమారుడు వీరణాచార్యుని పేరు వీటిలో తరచుగా కనిపిస్తాయి. గ్రామం పేరు తెలుగుమాట, శ్లోకం సంస్కృతం, ఛందస్సు కఠినం; కనుక ‘అని పేరుగలది’ అనే అర్థమిచ్చే పదాన్ని జోడించి ఆ పేరును పాదంలో ఇమడ్చవలసి వచ్చేది. గ్రామం పలువురికి పంచినప్పుడు వృత్తిమంతుల జాబితా వస్తుంది. వృత్తి అంటే దానభూమిలో ఒక్కొక్కరికి దక్కే వాటా. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, గోత్రం, సూత్రం, వేదశాఖ ఒకే వరసలో తిరుగుతూ పోతాయి. నేటి పరిభాషలో ఇది ఒక పాఠమూ దానికి జతచేసిన పట్టికానే. అయితే ప్రతి వరుసనూ పద్యానికి ఒదిగించిన మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. ఆ శ్రమకు దక్కవలసిన గౌరవం సభాపతికి చరిత్రగ్రంథాల్లో ఇంకా దక్కలేదు.

1801లో కర్ణాటక నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. రాగిరేకు, తాటాకుల స్థానంలోకి కాగితం, దాని వెంట అచ్చు ఫారం వచ్చాయి. పట్టా, శిస్తు రశీదు, సమను వంటి పత్రాల్లో పాఠాన్ని సర్కారు అచ్చువేయించి, ఖాళీలను ఊరి కరణానికో కచేరీ గుమాస్తాకో విడిచిపెట్టింది. 1984లో ఆ ఉద్యోగం రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు రాసిన కరణం చేతిలోనే రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం రూపు దిద్దుకున్నాయి. ఆయన కలం ఒక అక్షరం తప్పితే ఆ తప్పు తరాల పాటు ఆ కుటుంబాన్ని వెంటాడేది.

ఖాళీకి ఉన్న బలం అన్నింటికంటె కఠినంగా బయటపడింది ప్రోనోటులో. ప్రోనోటు అంటే అప్పు తీసుకున్నవాడు అడిగినప్పుడు తిరిగి చెల్లిస్తానని రాసి, రెవెన్యూ స్టాంపు మీద చేవ్రాలు చేసి ఇచ్చే పత్రం. దుకాణాల్లో దొరికే అచ్చు ప్రోనోటులో ‘గ్రామ కాపురస్థులు’, ‘గారి కుమారుడు’, ‘అను నేను’ అన్న మాటలు ముందే ఉంటాయి. వాటి ముందు గీతలు ఖాళీగా ఉంటాయి. మొత్తాన్ని అంకెల్లోనూ, ‘అక్షరాల’ అన్న మాట తర్వాత మాటల్లోనూ రెండుసార్లు రాయడం ఖాళీని తర్వాత ఎవరూ మార్చకుండా వేసిన గొళ్లెం. కానీ వానమీద బతికే మెట్ట సీమలో విత్తనాల వేళకు రొక్కం కావలసిన రైతు, మొత్తం రాయని ప్రోనోటు మీద చేవ్రాలో వేలిముద్రో పెట్టి ఇవ్వవలసి రావడం అరుదు కాదు. స్టాంపు ఉండి, సంతకమై, ఖాళీలు మిగిలిన పత్రాన్ని, ఆ స్టాంపుకు చెల్లే పరిమితి దాటకుండా, పట్టుకున్నవాడు పూరించుకోవచ్చని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అధికారమిచ్చింది. వ్యాపారుల సౌకర్యం కోసం పుట్టిన ఆ నియమం అక్షరం రాని రైతు మీద ఎంత బరువుగా పడగలదో ఆలోచిస్తే, నింపే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఎంత ప్రాణప్రదమైనదో తెలుస్తుంది.

పెళ్లిపిలుపుల్లో ఖాళీ మృదువైన రూపం తీసుకుంది. అచ్చు శుభలేఖలో ‘మ.రా.రా.శ్రీ’ అన్న పొడి అక్షరాల తర్వాత ఒక గీత, దాని చివర ‘గారికి’ అని ఉండేది. ఆ అక్షరాలకు మహారాజరాజశ్రీ అని విస్తరణ. రాజుల కొలువు నుంచి దిగివచ్చి సామాన్య గృహస్థు పేరు ముందు నిలిచిన మర్యాద అది. పండితుడికి బ్రహ్మశ్రీ, ముత్తయిదువకు చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, అని పేరు ముందరి గుర్తులు మారేవి. కొన్ని కులాల్లో భర్త చనిపోయిన స్త్రీ పేరుకు ముందు ‘గం.భా.స.’, అంటే గంగా భాగీరథీ సమానురాలు, అని రాసేవారు. పైకి పూజ్యంగా వినిపించే ఆ మాట, ఉత్తరం అందుకున్న ప్రతిసారీ ఆమె వైధవ్యాన్ని ఆమెకు గుర్తుచేసేది. అది వాడుక తప్పిపోవడం మంచిదే అయింది. గీత మీద పేరు ఇంటిపెద్ద స్వయంగా రాసి, కార్డు మూలలకు పసుపు రాసి పంపేవాడు. అంతటితో పిలుపు పూర్తయినట్టు కాదు. దగ్గరివారి ఇళ్లకు ఆడవారు వెళ్లి బొట్టుపెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఊరి దండోరా యావన్మంది ప్రజలకూ తెలియజేసేది, అందులో ఎవరి పేరూ ఉండదు. శుభలేఖ ఒక పేరుకు చోటిచ్చేది. బొట్టు ఆ పేరుగల మనిషి నుదుటినే చేరేది. మర్రిపాడు ప్రాంతంలో ఈ మూడు మెట్లూ పక్కపక్కనే నడిచాయి, ఏ కబురు ఏ మెట్టు మీద పంపాలో చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఇక గీత చివర ‘గారికి’ అని అచ్చువేయడం వెనుక వ్యాకరణం ఉంది. తెలుగు పేరు విభక్తి చేరగానే ఊరుకోదు. సుబ్బారెడ్డికి, సీతమ్మకు, రామునికి అని మూడు పేర్లకు మూడు రకాలు: ఇకారం తర్వాత ‘కి’, అకారం తర్వాత ‘కు’, డుకారం ఉన్నచోట మధ్యలో ‘ని’. ఊరిపేర్లు మరీ చిక్కు. 1858 నాటి ‘బాలవ్యాకరణము’లో చిన్నయసూరి ఔపవిభక్తికాలని పేర్కొన్న ఇ, టి, తి వర్ణాలు, విభక్తి ముందు కొన్ని పదాల చివర చేరి రూపాన్నే మార్చివేస్తాయి. అందుకే పాడు అన్నది పాటి అవుతుంది, మర్రిపాడు నుంచి మర్రిపాటి అనే రూపం వస్తుంది. ఏ పేరు వస్తుందో ముందు తెలియని ఖాళీకి విభక్తిని నేరుగా అతికిస్తే పది పేర్లలో కొన్నింటికైనా వాక్యం తప్పుతుంది. ‘గారు’ చేర్చితే ఏ పేరైనా ‘గారికి’ అయిపోతుంది. ‘గ్రామం’ చేర్చితే ఏ ఊరైనా ‘గ్రామంలో’ ఒదుగుతుంది. ‘అను’ చేర్చితే ఏ మనిషైనా ‘అను నేను’ కాగలడు. సంకల్పంలో ‘నామధేయస్య’ చేసిన పనినే శుభలేఖలో ‘గారు’, దస్తావేజులో ‘గ్రామం’, ‘అను’ చేశాయి. మర్యాద కోసం పెట్టినట్టున్న మాట వాక్యాన్ని నిలబెట్టే కీలు కూడా కావడం తెలుగువారి లేఖనకళలో ఎంతో అందమైన సంగతి.

తర్వాత యంత్రం ఈ పనిని చేపట్టింది. 1964లో ఐబీఎం విడుదల చేసిన అయస్కాంత టేపు టైప్‌రైటర్ అచ్చుపాఠాన్ని తానే కొట్టుకుంటూ పోయి, పేరు రావలసిన చోట ఆగేది. 1980ల నాటికి వర్డ్‌స్టార్ వంటి సాఫ్ట్‌వేర్లు ఒక పాఠాన్ని ఒక జాబితాతో కలిపి వందల ఉత్తరాలు తయారుచేయసాగాయి. వాటిని ఇంగ్లీషు కోసం కట్టారు. ఆ భాషలో పేరు ముందు గౌరవపదం పెట్టినా, వెనుక ఏమి రాసినా పేరు రూపం మారదు. ఆ చట్రాన్నే తెలుగుకు తెచ్చినప్పుడు ఖాళీ వెంటనే ‘కు’ అతికించిన పాఠాల వల్ల ‘హరికు’, ‘లక్ష్మికు’ వంటి రూపాలు పుట్టాయి.

భారతదేశంలో వ్యాపార సందేశాలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం, పంపే సంస్థ తన పాఠాన్ని ముందే నమోదు చేయించాలి. మారే భాగం ఉన్నచోట కుండలీకరణాల నడుమ ఒక నిర్ణీత గుర్తు పెట్టాలి. ఒక్కో గుర్తులోకి వచ్చే అక్షరాలకు ఒక పరిమితి ఉంటుంది. 2021 మార్చి 8న టెలికాం సంస్థలు నమోదైన పాఠంతో పోల్చి సరిపోనివాటిని ఆపివేయడం మొదలుపెట్టగానే దేశమంతటా ఓటీపీలు అందక, ఆ తనిఖీని ఏడు రోజులు నిలిపివేయవలసి వచ్చింది. గీత దాటి రాసిన అక్షరాన్ని దస్తావేజు లేఖరి ఒప్పుకోనట్టే యంత్రమూ ఒప్పుకోలేదు. అయితే సంగతి కనుక్కొని సవరించే లేఖరి అక్కడ లేడు.

తెలుగు లిపికి ఇంకొక ఇరుకు ఉంది. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. రోమన్ అక్షరాలైతే 160 ఇముడుతాయి, యూనికోడ్ తెలుగైతే 70 మాత్రమే. అదీ ఒత్తు, గుడి, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కబెట్టిన 70. చదువరి కంటికి మర్రిపాడు నాలుగు అక్షరాలు. యంత్రం లెక్కలో మ, ర, పొల్లు, ర, గుడి, ప, దీర్ఘం, డ, కొమ్ము కలిపి తొమ్మిది. ఇంత బిగువులో పాఠం కుదించేవారికి ముందుగా అనవసరంగా కనిపించేది ‘గారు’. అది నాలుగు గుర్తులు, దాని ముందరి ఎడంతో అయిదు.