వీరకథయు వ్యోమకథయు: వాస్తవికాకర్షణ విచారము

ఆకాశమండలమును రంగస్థలముగా గైకొని టెలివిజనునందు ధారావాహికముగా ప్రదర్శింపబడు కథలు పాశ్చాత్యదేశములలో అర్ధశతాబ్దికి మించి వెలయుచున్నవి. వానిలో పెక్కు కేవలము వినోదార్థములు. కాని 2003 మొదలు 2022 వఱకు గల కాలమున వెలువడిన కొన్ని కథలు వేఱొక మార్గమును త్రొక్కినవి. ఇవి అద్భుతములను తగ్గించి, ప్రకృతినియమములకు లోబడి, యంత్రముల కంటె మనుష్యుల స్వభావములకే ప్రాధాన్యము నొసగినవి. విద్యావంతులైన ప్రేక్షకులు వీనిని ఏండ్ల తరబడి విడువక చూచుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు సమాధానమును మేము పల్నాటిసీమలో వెదకితిమి. ఇది కొందఱకు వింతగా తోపవచ్చును గాన కారణమును ముందుగా చెప్పుట యుక్తము.

ఈ రెండింటిలో నొకదాని ప్రభావము మఱియొకదానిపై కలదని చెప్పుట మా యుద్దేశము కాదు. కారెంపూడి గాయకునకు వ్యోమనౌకతో పనిలేదు. వ్యోమకథాకర్తలు నాగులేటి పేరైనను విని యుండరు. అయినను శ్రోతను రాత్రుల తరబడి కూర్చుండబెట్టు శక్తి కథకు ఎచ్చటనుండి వచ్చునను విషయమున రెండును ఒకే సాక్ష్యమును పలుకుచున్నవి. కథాస్థలము ఎంత దూరమైనను, అచ్చటి మనుష్యునకు కొఱతలును కట్టుబాట్లును ఉండి, చేసిన పనికి ఫలము తప్పనిదైనపుడే అది మన కథ యగును. ఇదియే యీ వ్యాసమున మేము ప్రతిపాదించు నంశము.

పల్నాటియుద్ధము క్రీ. శ. 1182 ప్రాంతమున జరిగినదని సామాన్యాభిప్రాయము. గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్ల నేలిన మలిదేవరాజునకును గల దాయాదివైరము దానికి మూలము. నలగామునకు నాయకురాలు నాగమ్మ మంత్రిణి. మలిదేవుని పక్షమునకు బ్రహ్మనాయుడు పెద్దదిక్కు. కోడిపందెమున నోడి మలిదేవుని వారు ఏడేండ్లు దేశమును విడిచిరి. గడువు తీఱిన పిదప రాజ్యభాగము నడుగుటకై రాయబారిగా పోయిన అలరాజు విషప్రయోగమున మరణించెను. తుదకు కారెంపూడికడ రణము సంభవించెను. భారతకథతో దీనికి గల పోలికలను పండితులు పలుమాఱు చూపియున్నారు. మేము వానిని మరల ఎత్తుకొనము.

ఈ కథ గానరూపమున దేశమున చాల పూర్వమే వ్యాపించెను. ఓరుగంటిలో పల్నాటివీరుల కథాగానము జరుగుటను, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము వర్ణించినది. శ్రీనాథకృతమని ప్రసిద్ధిగాంచిన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము విపులమైన పీఠికతో 1911 లో ప్రకటించెను. పండితలోకమున దీనికి గౌరవస్థానము కుదురుట ముఖ్యముగా అప్పటినుండియే. అలిసెట్టి గాలెయ్య యను గాయకుని పాట నాధారముగా గొని, జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు 1982 లో ఆక్స్‌ఫర్డునుండి ఒక గ్రంథమును వెలువరించెను. నేటికిని కారెంపూడిలో కార్తికమాసాంతమున అమావాస్య మొదలు అయిదు దినములు వీరారాధనోత్సవము జరుగును. ఆ దినములకు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేళ్లు. కథయే దినదినమునకు ఒక ఘట్టముగా పంచబడినది. ధారావాహిక యను మాట మన వాడుకలోనికి వచ్చుటకు చాల పూర్వమే ధారావాహిక మన యూళ్లలో నుండెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

వినువారందఱకును కథాంతము ముందే తెలియును. బాలచంద్రుడు మడియునని తెలిసియే వారు వచ్చి కూర్చుందురు. కావున తరువాత నేమగునను కుతూహలము ఇచ్చటి యాకర్షణమునకు ముఖ్యకారణము కాదు. ఆ మనుష్యుడు ఆ నిర్ణయమును ఎట్లు చేసెను, చేయునపుడు దేనిని వదలుకొనెను అను విషయమే వారిని కట్టివేయును. బొంగరము తగిలి నొచ్చిన స్త్రీ యాడిన మాట బాలచంద్రుని యుద్ధమునకు పురికొల్పెను. బ్రాహ్మణుడగు అనపోతును కాపాడదలచి బాలచంద్రుడు ఒక మిషతో అతనిని వెనుకకు పంపెను. ఆ దయయే యాతని యాత్మహత్యకు కారణమాయెను. రణమునకు పోవు భర్తను మంచాల తన యింట నిలుపుకొనక వీరధర్మమునే గుర్తుచేసి సాగనంపెను. వీనిలో ఏ యొక్కదానికిని దేవతల రాక అవసరము లేదు. మాట, మానము, చుట్టఱికము అను మూడు త్రాళ్లతోడనే కథ బిగిసియున్నది.

ఇక వ్యోమకథల చరిత్రను పరికింతము. అమెరికాలో 1966 మొదలు 1969 వఱకు 79 భాగములుగా ప్రసారమైన ‘స్టార్ ట్రెక్’ ఈ శాఖకు ప్రసిద్ధమైన పునాది. అందు మానవజాతి యైక్యమును గూర్చిన ఉదాత్తమైన ఊహ కలదు. కాని ఆనాటి పద్ధతి ననుసరించి భాగములు చాలవఱకు వేఱు వేఱు కథలు. ఒక వారమున కలిగిన కష్టము ఆ వారమే తీఱును. మఱుసటి వారమునకు నౌకయు, నౌకలోని వారి మనస్సులును మరల క్రొత్తవియే. జరిగినదానికి జ్ఞాపకము లేనిచోట పాత్రకు చరిత్ర యుండదు. చరిత్ర లేని పాత్రను ప్రేమింపవచ్చును గాని, దానికొఱకు భయపడజాలము.

1978 నాటి ఒక కథను రొనాల్డ్ మూర్ 2003 లో తిరిగి నిర్మించి 2009 వఱకు నడిపిన ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ ఈ పద్ధతిని మార్చినది. తాము సృష్టించిన యంత్రములే తిరుగబడగా మానవజాతిలో ఇంచుమించు 50,000 మంది మాత్రము మిగిలి, నౌకలలో దేశాంతరగతులై పోవుదురు. వారికి అధ్యక్షురాలైన లారా రోస్లిన్ పూర్వము బడిపంతులమ్మ. విద్యామంత్రిణిగా అధికారక్రమమున 43వ స్థానమున నున్నది. పైవారందఱును మరణించుటచే ఆమెకు పదవి వచ్చినది. తనకు పుట్టకురుపు రోగము కలదని ఆమె యెఱిగినదియు ఆ దినముననే. ఆ ధారావాహిక తొలిభాగమున శత్రువులు 33 నిమిషముల కొకమాఱు వచ్చి పడుదురు. 5 దినములకు పైగా ఎవరికిని నిద్ర లేదు. రోస్లిన్ ప్రాణములతో మిగిలినవారి సంఖ్యను ఒక పలకపై వ్రాయించుచుండును. భాగాంతమున ఒక శిశువు జన్మించిన వార్త రాగా, ఆ సంఖ్యకు తానే ఒకటి చేర్చి వ్రాయును. ఎన్ని నౌకలు పేలినను కలుగని చలనము ఈ చిన్న కూడికవలన ప్రేక్షకునకు కలుగును. పల్నాటివీరులు అరువదాఱుగురని పేరుపేరున తలచుకొను సీమవారికి ఈ లెక్క యర్థము వివరింప నక్కఱలేదు. 2009 మార్చి 17న ఐక్యరాజ్యసమితి కార్యాలయమున ఈ ధారావాహికను పురస్కరించుకొని మానవహక్కులు, సాయుధసంఘర్షణములు మున్నగు విషయములపై గోష్ఠి జరిగెను.

రెండవ యుదాహరణము ‘ది ఎక్స్‌పాన్స్’. డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ అను నిరువురు ఒకే మాఱుపేరుతో 2011 నుండి వ్రాసిన నవలలు దీనికి మూలము. 2015 మొదలు 2022 వఱకు 62 భాగములుగా వెలువడినది. మూడు భాగసంపుటముల పిదప 2018 లో ఆగిపోగా, అభిమానులు విమానమునకు పతాకను కట్టించి యెగురవేసి ఆందోళనము చేసిరి. వేఱొక సంస్థ దానిని కొనసాగించినది. ఇందు వ్యోమనౌక వేగము పుంజుకొనునపుడు గాని లోనివారికి భారము తెలియదు. వేగవృద్ధి హెచ్చైనచో శరీరము నలిగిపోవును. కుజగ్రహమునకు వార్త పంపినచో ప్రత్యుత్తరమునకై నిరీక్షింపవలసినదే. కాంతియే అచ్చటికి చేరుటకు దూరమునుబట్టి 3 మొదలు 22 నిమిషముల వఱకు పట్టును. గ్రహశకలములలో పుట్టి పెరిగినవారి యెముకలు పొడవై పలుచనై యుండును గాన, అట్టి బందీకి భూమి యాకర్షణమే చిత్రవధ యగును. నిక్ ఫార్మర్ అను భాషావేత్త ఆ జనులకు ఒక మిశ్రభాషను కల్పించెను. శిరస్త్రాణములలో ముఖము కనబడదు గాన వారి సంజ్ఞలన్నియు చేతులతోడనే జరుగును. భాషాశాస్త్ర విద్యార్థులు ఈ యంశమును ప్రత్యేకముగా గమనింపదగును.

ఈ కథలో యుద్ధమునకు మూలము నీరు. నీటిమంచును మోయు నౌక యొకటి ధ్వంసమగుటతో భూమికిని, కుజునకును, గ్రహశకలవాసులకును వైరము రగుల్కొనును. పల్నాటి పాఠకునకు ఇది క్రొత్త విషయమా? శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు ఈ సీమ రాళ్లను, జొన్నకూటిని, నీటి యెద్దడిని పరిహసించినవి. 1955 డిసెంబరు 10న పునాది వేయబడి, 1967 ఆగస్టులో నీరు విడువబడిన నాగార్జునసాగరము కుడికాలువ ఈ నేలలో ఎన్నియో గ్రామముల బ్రదుకును మార్చినది. కాలువ చివర నుండు రైతునకు, నీటిలెక్కపై రాజ్యములు కలహించుట కల్పనగా తోపదు. వాస్తవికత యన నిదియే: స్థలము కల్పితమైనను అక్కఱ కల్పితము కాకుండుట.

పాత్రల విషయమునను సామ్యములు కలవు. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందఱను ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు నడిపెననియు, మాల కన్నమదాసును కుమారునిగా చేకొని సేనాధిపతిని చేసెననియు కథ. వ్యోమకథలో భూమికి, కుజునకు, గ్రహశకలములకు చెందిన నలుగురు ఒకే నౌకలో చిక్కి, ఒకే వంటయింట తినుచు క్రమముగా నొక కుటుంబమగుదురు. వెలుపల మూడు జాతులు పోరాడుచుండగా ఆ భోజనమే కథకు నైతికకేంద్రము. ఇక రాజనీతిలో నాగమ్మకు సాటి వచ్చు పాత్ర క్రిస్‌జెన్ అవసరాల. ఐక్యరాజ్యసమితి యధికారిణియగు భారతవంశీయురాలిగా ఈమె చిత్రింపబడినది. అవసరాల యనునది తెలుగునాట వాడుకనున్న యింటిపేరే. తియ్యని మాట, కఠినమైన పట్టు, యుద్ధమున పోయిన కుమారుని దుఃఖము ఈమెలో నొక్కటియై యున్నవి. నాగమ్మను కేవలము దుష్టురాలినిగా చూచుటకు మన చలనచిత్రకర్తలును సమ్మతింపలేదేమో! 1947 నాటి ‘పల్నాటి యుద్ధము’లో కన్నాంబను, 1966 నాటి చిత్రములో భానుమతిని ఆ పాత్రకు ఎన్నుకొనుటయే దాని బరువును తెలుపుచున్నది.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. పల్నాటికథలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశసంభూతుడు. యుద్ధాంతమున గుత్తికొండ బిలమును ప్రవేశించెనని విశ్వాసము. వ్యోమకథలలోను దైవసంకేతములు, గ్రహాంతరపదార్థములు కలవు. అట్టివానిని వాస్తవికములనుట యెట్లు? మా సమాధానమిది. అద్భుతము కథలో నుండుట దోషము కాదు. మనుష్యుని నిర్ణయమునకు బదులుగా అది నిలుచుటయే దోషము. విష్ణ్వంశము అలరాజును బ్రదికింపలేదు. కుమారుని చావును ఆపలేదు. అద్భుతము కథకు పొలిమేరయై యుండగా, నడుమ పొలమంతయు మనుష్యులదే.

భేదమును విస్మరింపరాదు. కారెంపూడి కథ యారాధన. గాయకునకు అది వృత్తిధర్మము, సీమకు పూర్వులస్మృతి. టెలివిజను కథ వ్యాపారవస్తువు. లాభము తగ్గినచో నడుమనే తెగిపోవును. ఒకటి జరిగినదానిని తలచుకొనును. రెండవది జరుగగలదానిని ఊహించును. కావున ఆకర్షణహేతువు సమానమనుటవలన ఫలము సమానమని మేము చెప్పుటలేదు.

తెలుగుదేశమునకు అంతరిక్షము పరాయిది కాదు. శ్రీహరికోటనుండి తొలి రోహిణి రాకెట్టు 1971 అక్టోబరులో ఎగిరినది. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు జరిగిన ఉపగ్రహ విద్యాప్రయోగమున ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ గ్రామములకు టెలివిజను ఆకాశమునుండియే దిగివచ్చినది. 1991 లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ కాలయానమును చిత్రించెను. సంకల్ప్ రెడ్డి 2018 లో తీసిన ‘అంతరిక్షం’ పూర్వవైఫల్యమును మోయు శాస్త్రజ్ఞుని నాయకునిగా గైకొన్నది. ఆ బరువే యా చిత్రమున మెచ్చదగిన యంశము. కాని అట్టి మనుష్యుని ఏండ్ల తరబడి వెంబడించు ధారావాహికము మనకు ఇంకను ఏర్పడవలసియున్నది.

దానికి కావలసిన పరికరములు పరదేశమునుండి తెచ్చుకొనదగినవి కావచ్చును. కథానిర్మాణరహస్యము మాత్రము మన యింటనే యున్నది. కొఱతను దాచక చెప్పుట, నిర్ణయమునకు వెల చెల్లింపజేయుట, మడిసినవానిని పేరుతో తలచుట అను మూడు లక్షణములను వీరవిద్యావంతులు తరతరములుగా కాపాడిరి. జానపదగేయమను చులకనభావమున పల్నాటికథను చాలకాలము పక్కన నుంచినట్లే, నేడు వ్యోమకథలను బాలవినోదములని సాహిత్యశాఖలు పక్కన నుంచుట తగదు. పరిశోధకులు కారెంపూడి గానపద్ధతిని, ఆధునిక ధారావాహికనిర్మాణమును ప్రక్కప్రక్కన నుంచి ఘట్టవిభాగము, పాత్రస్మృతి, ఫలనిర్వహణము అను శీర్షికలక్రింద పరిశీలింతురేని రెండింటికిని మేలగును. గాలెయ్య గానము 1982 లో ఆంగ్లమున అచ్చైనది. మిగిలిన గాయకుల పాఠములను తెలుగుననే, వారి కంఠములు వినబడుచుండగనే భద్రపఱచుట ఆ పనికి మొదటి మెట్టు.