ధరవారీ పరిమాణం: మద్దతు, నిరోధ స్థాయిలను గుర్తించే పద్ధతి, దాని హద్దులు

కోల్‌కతా: రైటర్స్ బిల్డింగ్ వెనుక లయన్స్ రేంజ్ వీధిలోని కలకత్తా స్టాక్ ఎక్స్ఛేంజిలో 2000-01 ఆర్థిక సంవత్సరంలో సుమారు 3.55 లక్షల కోట్ల రూపాయల విలువైన లావాదేవీలు జరిగాయి. మరుసటి ఏడాది ఆ మొత్తం దాదాపు 27 వేల కోట్లకు, అంటే పదమూడో వంతుకు పడిపోయింది. షేరు ఏ ధర వద్ద ఎంత పరిమాణంలో చేతులు మారిందో లెక్కగట్టి మద్దతు, నిరోధ స్థాయిలను గుర్తించే విశ్లేషణకు ఈ రెండు అంకెలు ఒక ప్రశ్న వేస్తాయి. చార్టులో కనిపించే పరిమాణం వెనుక నిజంగా ఎవరున్నారు?

సాధారణ చార్టులో పరిమాణం అడుగున నిలువు పట్టీలుగా ఉంటుంది. ఏ రోజు, ఏ గంటలో ఎన్ని షేర్లు చేతులు మారాయో అవి చెబుతాయి. ధరవారీ విశ్లేషణలో అదే లెక్కను కాలం వెంట కాక ధర వెంట పేరుస్తారు. ఎంచుకున్న వ్యవధిలో షేరు తిరిగిన ధరల పరిధిని సమానమైన మెట్లుగా విభజించి, ఒక్కో మెట్టు వద్ద జరిగిన లావాదేవీలన్నిటినీ కూడి, చార్టు పక్కన అడ్డపట్టీలుగా గీస్తారు. దీన్నే ట్రేడర్లు ‘వాల్యూమ్ ప్రొఫైల్’ అంటారు. పొడవైన పట్టీ ఉన్నచోట కొనుగోలుదారులు, అమ్మకందారులు ఎక్కువగా ఒప్పందానికి వచ్చారని, పొట్టి పట్టీ ఉన్నచోట ధర ఆగకుండా సాగిపోయిందని అర్థం.

గతంలో జరిగిన లావాదేవీలు రేపటి ధరను ఎందుకు ఆపుతాయన్నది సహజంగా వచ్చే సందేహం. దీనికి జవాబు మనిషి స్వభావంలో ఉంది. 535 రూపాయలకు కొన్న షేరు 510కి పడితే చాలామంది అమ్మరు. ‘అసలు వస్తే చాలు’ అనుకుంటూ వేచి ఉంటారు. ధర మళ్లీ 535కి చేరగానే వారంతా అమ్మకానికి దిగుతారు. అదే నిరోధం. లాభంలో ఉన్నదాన్ని తొందరగా అమ్మి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చునే ఈ ధోరణిని హెర్ష్ షెఫ్రిన్, మీర్ స్టాట్‌మన్ 1985లో ఒక పరిశోధన పత్రంలో సిద్ధాంతీకరించారు. మద్దతుకు కారణం దీనికి అటువైపుది. తక్కువ ధరలో కొని లాభపడినవారు, ఆ ధరలో కొనలేకపోయామని చింతించినవారు అది తిరిగి వచ్చినప్పుడు కొనుగోలుకు ముందుకు వస్తారు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే లెక్క తేలికగా అర్థమవుతుంది. ఒక షేరు ఇరవై ట్రేడింగ్ రోజుల్లో 480-540 రూపాయల మధ్య తిరిగింది. మొత్తం కోటి షేర్లు చేతులు మారాయి. పది రూపాయల మెట్లుగా విభజిస్తే 480-490 మధ్య 8 లక్షలు, 490-500 మధ్య 14 లక్షలు, 500-510 మధ్య 31 లక్షలు, 510-520 మధ్య 23 లక్షలు, 520-530 మధ్య 6 లక్షలు, 530-540 మధ్య 18 లక్షల షేర్లు వచ్చాయనుకుందాం. అత్యధికంగా 31 లక్షలు ఉన్న మెట్టును ‘పాయింట్ ఆఫ్ కంట్రోల్’ అంటారు. అక్కడి నుంచి పైమెట్టు, కిందిమెట్టులలో ఏది పెద్దదైతే దాన్ని కలుపుకొంటూ మొత్తం పరిమాణంలో 70 శాతం దాటేవరకు వెళ్లాలి. 31కి 23 కలిపితే 54; ఆపై 14 కలిపితే 68; పైన 6, కింద 8 ఉన్నందున 8 కలిపితే 76. అంటే 480-520 మధ్య ప్రాంతం ‘వాల్యూ ఏరియా’ అవుతుంది.

ఇప్పుడు షేరు 522 వద్ద ఉందనుకుంటే కింద 510-520, ఆ కింద 500-510 మెట్లు మద్దతు ప్రాంతాలు. పైన 530 వరకు పట్టీ పలచగా ఉంది కాబట్టి ధర ఆ దూరాన్ని వేగంగా దాటవచ్చు. 530-540 మధ్య ఇరుక్కున్న 18 లక్షల షేర్ల గుట్ట మాత్రం నిరోధంగా నిలుస్తుంది. ధర 540ని దాటి నిలదొక్కుకుంటే అదే గుట్ట మద్దతుగా మారుతుంది. ‘మద్దతు’ అన్న మాట వినగానే ఒక గీత మనసులో మెదులుతుంది గానీ, నిజానికది ఒక ప్రాంతం. 510 వద్ద గీత గీసి 509.50కే అమ్ముకున్నవారు ఈ తేడాను డబ్బు చెల్లించి తెలుసుకుంటారు.

ఈ ఆలోచనకు మూలం అమెరికాలో ఉంది. చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో ట్రేడర్‌గా పనిచేసిన పీటర్ స్టైడల్‌మేయర్ 1980లలో ‘మార్కెట్ ప్రొఫైల్’ను ప్రచారంలోకి తెచ్చారు. ప్రతి అరగంటకు ఒక అక్షరం కేటాయించి, ధర ఎక్కడ ఎంతసేపు గడిపిందో అందులో చూపేవారు. కంప్యూటర్లు చవకయ్యాక కాలం స్థానంలోకి పరిమాణం వచ్చింది.

పట్టీలు చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. 31 లక్షల షేర్లను ఎవరో కొన్నారంటే, అంతే సంఖ్యలో ఎవరో అమ్మారు. పట్టీలో ఆకుపచ్చ, ఎరుపు రంగులు ఎవరు చొరవ చూపారన్న అంచనాయే తప్ప కొనుగోలుదారుల బలానికి కొలమానం కాదు. పైగా చాలా చార్టింగ్ వేదికలు ప్రతి లావాదేవీనీ విడిగా లెక్కించవు. ఒక నిమిషంలోనో, అయిదు నిమిషాల్లోనో నమోదైన పరిమాణాన్ని ఆ సమయంలోని ధరల మధ్య పంచుతాయి. అందువల్ల ఒకే షేరుకు రెండు వేదికలు వేర్వేరు ‘పాయింట్ ఆఫ్ కంట్రోల్’ చూపడం వింతేమీ కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు లయన్స్ రేంజ్ చరిత్రలో కనిపిస్తుంది. ఒకప్పుడు వేపచెట్టు నీడన బేరాలాడుకున్న బ్రోకర్లు 1908లో సంఘంగా ఏర్పడ్డారు. 1923లో అది పరిమిత కంపెనీ అయింది. ఇప్పటి భవనం 1928 నాటిది. కేకల ద్వారా సాగిన వ్యాపారం 1997లో సీ-స్టార్ అనే కంప్యూటర్ వ్యవస్థకు మారింది. 2000-01 నాటికి లావాదేవీల విలువలో ముంబయిలోని రెండు ఎక్స్ఛేంజీల తర్వాతి స్థానం కలకత్తాదే.

అయితే ఆ పరిమాణంలో పెద్ద భాగం బద్లా మీద ఆధారపడింది. షేర్లకు పూర్తి సొమ్ము కట్టకుండా, వడ్డీ చెల్లించి ఒప్పందాన్ని తర్వాతి సెటిల్‌మెంటుకు వాయిదా వేసుకునే పద్ధతి అది. బద్లా అంటే మార్పిడి. మారేది గడువు మాత్రమే, షేరు కాదు. కేతన్ పరేఖ్ వ్యవహారం నేపథ్యంలో 2001 మార్చిలో ధరలు కూలినప్పుడు, కొద్ది షేర్లలో భారీ పొజిషన్లు పేర్చుకున్న కొందరు బ్రోకర్లు సొమ్ము కట్టలేక చేతులెత్తేశారు. ఎక్స్ఛేంజి చెల్లింపుల సంక్షోభంలో పడింది. సంయుక్త పార్లమెంటరీ సంఘం ఈ కుంభకోణాన్ని విచారించి 2002 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2001 జులై నుంచి సెబీ బద్లాను నిషేధించింది.

ధరవారీ పట్టీల భాషలో చెప్పాలంటే అక్కడ గుట్టలు ఉన్నాయి గానీ, వాటికి యజమానులు లేరు. అప్పు ఆగిపోయిన రోజున ఆ ధరలను కాపాడేవారు లేక, అందరూ ఒకే వాకిలి గుండా బయటపడాలని చూశారు. పొడవైన పట్టీ నిలబడాలంటే ఆ షేర్లు సొంత డబ్బుతో కొన్నవారి చేతుల్లో ఉండాలి. కొద్దిమంది తమలో తాము కొని అమ్ముకునే వలయ వ్యాపారంలోనూ పట్టీ పొడవుగానే పెరుగుతుంది.

అందుకే జాగ్రత్తపరులైన విశ్లేషకులు పట్టీతో పాటు ఎక్స్ఛేంజీలు రోజూ వెల్లడించే డెలివరీ శాతాన్ని చూస్తారు. ఆ రోజు చేతులు మారిన షేర్లలో ఎన్ని నిజంగా కొనుగోలుదారుల డీమ్యాట్ ఖాతాలకు చేరాయో అది తెలుపుతుంది. డెలివరీ తక్కువగా ఉండి పరిమాణం ఉబ్బితే అది ఎక్కువగా ఆ రోజే కొని ఆ రోజే అమ్మినవారి లెక్క. వారు మర్నాడు ఆ ధరను కాపాడరు. బోనస్ లేదా షేర్ల విభజన జరిగితే పాత ధరలను, పరిమాణాలను రెండింటినీ సవరించాలి. ఎన్‌ఎస్‌ఈ చార్టులో బీఎస్‌ఈ లావాదేవీలు కలవవన్నదీ గుర్తుంచుకోవాలి. ఇక నిఫ్టీ వంటి సూచీ స్వయంగా కొనుగోలు, అమ్మకాలకు లోనుకాదు కనుక దానికి సాధారణంగా ఫ్యూచర్స్ పరిమాణాన్నే వాడతారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా మిగిలేది సంభావ్యతే. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టాల మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. పై ఉదాహరణలో 512 వద్ద కొన్నవారికి 500 కింద ధర ముగిస్తే బయటపడాలన్న నిర్ణయం కొనకముందే ఉండాలి. ఆ దూరం 12 రూపాయలు. 530 వద్ద నిరోధం వరకు ఆశించదగినది 18 రూపాయలు. బ్రోకరేజీ, పన్నులు పోను ఆ తేడా గిట్టుబాటు కాకపోతే ఎంత పొడవైన పట్టీ ఉన్నా ఆ కొనుగోలుకు అర్థం లేదు.

లయన్స్ రేంజ్ భవనంలో సీ-స్టార్ తెరలు 2013 ఏప్రిల్‌లో సెబీ ఆదేశంతో ఆగిపోయాయి. ఎక్స్ఛేంజి హోదా నుంచి స్వచ్ఛందంగా వైదొలగే ప్రతిపాదనకు వాటాదారులు 2025లో ఆమోదం తెలిపారు.