కూలీ వెంట వెళ్లని హక్కు: కోవిడ్ అనంతర పునరుద్ధరణపై ఒక పరిశీలన

2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మంది కూలీలతో రైలు బయల్దేరింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన తొలి ప్రత్యేక రైలు అదే. వారిలో చాలామంది సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాల పనిలో ఉన్నవారు. అప్పటికే తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి నిర్ణయమే. కానీ ఎవరెక్కడ ఉన్నారో చెప్పే జాబితా ముందుగా లేదు. న్యాయమైన పునరుద్ధరణ ఆ జాబితాతోనే మొదలవాలన్నది ఈ వ్యాసం వాదన.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. మరో రాష్ట్రం నుంచి తెచ్చిన ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలని, పని, కూలి వివరాలు అందులో రాయాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరును ఆదేశించింది. ఆ పుస్తకాలు సక్రమంగా ఇచ్చివుంటే, లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారో లెక్క లేదని 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పుకోవలసి వచ్చేది కాదు. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదుచేసే ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. అయితే పేరు నమోదైనంత మాత్రాన గింజలు చేతికి రావు.

గింజలకు రేషన్ కార్డు కావాలి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు విధానంలో భర్త నగరంలోని డీలరు దగ్గర వేలిముద్ర వేసి తన వాటా తీసుకుంటే, మిగిలింది ఊళ్లో భార్య తీసుకోవచ్చు. వలస కుటుంబం బతికే తీరును గుర్తించిన ఏర్పాటిది. ఇబ్బంది కార్డే లేనివారిది. 2013 ఆహార భద్రత చట్టం కింద లబ్ధిదారుల పరిమితి దాదాపు 81 కోట్లు. ఆ సంఖ్య 2011 జనాభా లెక్కల నాటిది. ఆ తర్వాత జనం పెరిగినా కోటా పెరగలేదు.

ఊరు చేరినవారిని ఆదుకున్నది గ్రామీణ ఉపాధి హామీ పథకం. 2020-21లో దాదాపు 389 కోట్ల పనిదినాలు కల్పించారు, ఖర్చు లక్ష కోట్లు దాటింది. కుంటలు, చెరువు పూడికతీత వంటి పనుల వల్ల ఆ డబ్బులో కొంత నీటి రూపంలో ఊళ్లోనే నిలిచింది. 2023-24 బడ్జెట్‌లో మొదట కేటాయించింది 60,000 కోట్లే. సంక్షోభంలో పనికొచ్చిన వ్యవస్థను మామూలు రోజుల్లో కుదించడం నా దృష్టిలో పొదుపు కాదు. నగరాల్లో అడ్డాల మీద నిలబడే కూలీకైతే దేశవ్యాప్తంగా ఇలాంటి హామీయే లేదు.

నిధుల మాటకొస్తే, 1996 చట్టంతో మొదలై, భవన నిర్మాణ వ్యయంపై కనీసం 1 శాతం సెస్సు వసూలవుతోంది. 2020 మార్చిలో దాన్ని కూలీలకు పంచమని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది, కానీ అది నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరున్నవారికే అందేది. సెస్సు లెక్కకట్టే రోజునే ఆ స్థలంలో పనిచేస్తున్నవారి పేర్లు బోర్డే రాసుకోవాలి. ఒక రాష్ట్రం ఇచ్చిన నమోదు సంఖ్య మరో రాష్ట్రంలోనూ చెల్లాలి. ఈ రెండింటికీ కొత్త పన్ను అక్కర్లేదు.