ఖాతా ఎవరిది, పద్దు ఎవరి మీద?

బ్యాంకు ఖాతా మీద ఒక పేరుంటుంది. ఆ డబ్బుకు అసలు హక్కుదారు వేరే కావచ్చు. ఇంత చిన్న సంగతి తేల్చడానికి లండన్ కోర్టులకు డెబ్బై ఏళ్లు పట్టింది. 1948లో మొదలైన నిజాం డబ్బు తగాదా 2019లో తీర్పుకొచ్చింది. తీర్పు వచ్చిన రోజు పేపర్లన్నీ ఎన్ని పౌన్లు, ఎన్ని కోట్లు అని లెక్కలేశాయి. ముస్లింలు చూడాల్సిన లెక్క వేరే ఉంది.

ముందు ఆ ఖాతా సంగతి చూద్దాం. హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం హాలీ సిక్కా ఉండేది. సొంత రైలు, సొంత తపాలా ఉండేవి. 1941లో చట్టం చేసి సొంత బ్యాంకు కూడా పెట్టుకుంది. విదేశీ వ్యవహారాలు మాత్రం బ్రిటిష్ వాళ్ల గుప్పిట్లో ఉండేవి. 1947 ఆగస్టులో ఆ పెత్తనం పోయింది. నవంబర్ 29న భారత ప్రభుత్వంతో ఏడాది గడువుకు యథాతథ ఒప్పందం కుదిరింది. అటు స్వతంత్రమూ కాదు, ఇటు విలీనమూ కాదు. ఆ ఊగిసలాటలో నిజాం ప్రభుత్వం పేరున లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఒక ఖాతా నడుస్తుండేది. రేపేమవుతుందో తెలియని పాలకుడు సొమ్మును సముద్రం అవతల దాచుకోవడం చరిత్రలో కొత్తేమీ కాదు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి దిగింది. 17న నిజాం లొంగిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఐక్యరాజ్యసమితిలో హైదరాబాద్ తరఫున వాదించడానికి వెళ్లిన మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆ ఖాతాలోంచి పది లక్షల పౌన్లకు పైగా తీయించి ఇంకొకరి పేరున వేయించాడు. ఆ పేరు హబీబ్ ఇబ్రహీం రహీంతులా. ఆయన అప్పుడు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్. నెల తిరక్కముందే, ఇది నా అనుమతి లేకుండా జరిగింది, నా డబ్బు నాకివ్వండని నిజాం బ్యాంకుకు కబురు పెట్టాడు. ఎవరి పేరున ఉందో ఆయన ఒప్పుకుంటేనే ఇస్తామంది బ్యాంకు.

బ్యాంకుల ధర్మమే అది. మనం దాచుకున్న డబ్బు బ్యాంకు మనకు పడ్డ బాకీ. పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లకే ఆ బాకీ తీరుస్తుంది. వెనకున్న న్యాయం, అన్యాయం దానికి పట్టవు.

నిజాం 1954లో దావా వేశాడు. రహీంతులా మరో దేశ ప్రభుత్వం తరఫున డబ్బు పుచ్చుకున్నాడు కాబట్టి ఆ దేశం ఒప్పుకోకుండా మా కోర్టులు విచారించలేవని 1957లో ప్రభువుల సభ తేల్చింది. ఎవరూ గెలవలేదు. డబ్బు అక్కడే గడ్డకట్టింది. 1967లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చనిపోయాడు. రహీంతులా కూడా పోయాడు. వడ్డీ మీద వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెక్కడంతో అంతదాకా అడ్డంపెట్టుకున్న రక్షణ పోయింది. ఆయుధాలకింద ఇచ్చిన సొమ్మని అది వాదించింది. కోర్టు నమ్మలేదు. పేరు రహీంతులాదే అయినా ఆ డబ్బు అసలు హక్కు ఏడో నిజాందేనని 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పిచ్చాడు. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌన్లయింది. నిజాం మనవళ్లు ముకర్రం జా, ముఫఖం జా ఒకవైపు, వాళ్లతో ముందే రాజీపడిన భారత ప్రభుత్వం ఇంకోవైపు ఆ సొమ్ము అందుకున్నారు.

ఇదంతా రాజులకూ రాజ్యాలకూ మధ్య తగాదా. అదే సెప్టెంబర్‌లో, అదే సంస్థానంలో ఇంకో రకం నష్టం జరిగింది. దానికి ఏ ఖాతా లేదు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దౌర్జన్యాలు నిజం. ఆ గాయాలు మరచిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు. సైన్యం దిగిన తర్వాత బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ జిల్లాల్లో తలారి సాయిబులు, నేతగాళ్లు, గుమాస్తాలు, వాళ్ల ఆడపిల్లలు అనుభవించిందీ నిజం. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఎంత తగ్గించి లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల దాకా ప్రాణాలు పోయాయని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. లండన్‌లో పౌన్లకు వడ్డీ కట్టారు. ఇక్కడ శవాలకు లెక్క కూడా చెప్పలేదు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. ఆయన పేరుతో ముద్రపడ్డ సాయిబులు ఇళ్లు వదిలి పట్నం చేరారు.

తీర్పు వచ్చిన ఆ చలికాలం లంబసింగిలో ఉన్నాను. నర్సీపట్నం నుంచి ఘాటెక్కి వచ్చి దుప్పట్లు, స్వెట్టర్లు అమ్ముకునే ఒక దూదేకుల సాయిబును టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్లు ఆటపట్టిస్తున్నారు. వాళ్లు కూడా కింద నుంచి మంచు చూడ్డానికి వచ్చినవాళ్లే. ‘ఏం సాయిబూ, మీ నవాబు డబ్బు లండన్ నుంచి వచ్చిందంట కదా, నీ వాటా ఎంత?’ ఆయన నవ్వాడు. ‘నా వాటా ఈ మూటే బాబూ’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో పగ ఉందని నేననను. కానీ ఆ ప్రశ్న ఆయననే ఎందుకడిగారు?

లంబసింగికీ నిజాంకూ ఏమిటి సంబంధం? ఈ కొండలకింది మైదానం శ్రీకాకుళం సర్కారులో భాగం. 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఏటా పేష్కష్ పుచ్చుకునే ఒప్పందం మీద ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1823లో ఆ మిగిలిన హక్కును కూడా సొమ్ము తీసుకుని వదిలేసుకున్నాడు. అంటే 1948 నాటికి ఇక్కడి సాయిబు తాతతండ్రులు నిజాం జనం కాకుండా పోయి 182 ఏళ్లు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డప్పుడు ఈ మన్యం తిరగబడింది తెల్లదొరల మీద. దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన కులం దూదేకులది. నవాబు దర్బారు వాళ్లకు ఎప్పుడూ తెలియదు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనకూడదని 1970 నాటి 1/70 చట్టం చెబుతుంది. అది న్యాయమైన చట్టం. ఆ సాయిబు అక్కడ సెంటు భూమి అడగలేదు. చలికి దుప్పటి అమ్ముకుంటున్నాడు. అయినా నవాబు పద్దు ఆయన పేరునే రాశారు.

నిజాం రాజ్యంలో పుట్టిన పేద సాయిబు కూడా ఆ ఖాతాలో లేడు. భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన షేక్ బందగీని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపేశారు. రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. మఖ్దూం మొహియుద్దీన్ జైళ్లలోనూ అజ్ఞాతంలోనూ గడిపాడు. వీళ్ల పేర్లు సాయిబు ఖాతాలో జమ ఎందుకు కావు? ఖర్చు పద్దులన్నీ మాకు, జమ పద్దులు ‘జాతి’కా?

పరదేశపు ఖాతాల విషయం వచ్చింది కాబట్టి మావాళ్ల ఖాతా గురించీ చెప్పాలి. రాయచోటి, కడప, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వేలమంది గల్ఫుకెళ్లారు. సాయిబులే కాదు, మాల మాదిగలు, బీసీలు కూడా వెళ్లారు. అక్కడ ఖాతా తెరవాలంటే అక్కడి గుర్తింపు కార్డు కావాలి. అది రావాలంటే కఫీల్ దయ కావాలి. పాస్‌పోర్టే యజమాని పెట్టెలో ఉన్నవాడికి ఖాతా ఎక్కడిది? ఇక్కడ ప్రవాసుల కోసం 1970 నుంచీ ఎన్ఆర్ఈ ఖాతా ఉంది. దాని వడ్డీకి పన్ను లేదు. కానీ కాగితాలు నింపడం రానివాడికి, బ్యాంకే లేని ఊళ్లో అమ్మకు డబ్బు పంపాల్సినవాడికి, హుండీ మనిషే బ్యాంకయ్యాడు. 1973 నాటి ఫెరా చట్టం దాన్ని నేరమంది. 2000లో ఫెరా పోయి 1999 నాటి ఫెమా చట్టం అమల్లోకి వచ్చింది. 2004 నుంచి ఈ దేశంలో ఉంటూనే పైదేశంలో ఖాతా తెరిచి డబ్బు పంపుకోవచ్చు. అప్పుడు ఏడాదికి 25 వేల డాలర్ల హద్దు, 2015 నుంచి రెండున్నర లక్షలు. డాలర్లున్నవాడికి తలుపు తెరుచుకుంది. హవాలా అనే మాట మాత్రం సాయిబు పేరుకు తోకలా మిగిలిపోయింది. కొడుకు కువైట్ నుంచి పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకున్న ముసలాయన్ను, ఈ డబ్బెక్కడిదని అడిగేవాళ్లు, అమెరికా డాలర్లతో లేచిన మేడ ముందు ఆ ప్రశ్న వేయరు.

లౌకికవాద మిత్రులతో ఒక మాట. నిజాంను తిట్టండి, మాకేం బాధ లేదు. ఆయన జాగీర్దార్ల గురించి, దేశ్‌ముఖుల గురించి ఇంకా రాయండి. అయితే సెప్టెంబర్ 17 వచ్చినప్పుడు విమోచనమా విలీనమా అని వాదించుకుంటూ సుందర్‌లాల్ లెక్కను పక్కన పెట్టకండి. పేరు ఒకటి, హక్కు ఒకటి అని ఇంగ్లీషు జడ్జీ పాత కాగితాలన్నీ తిరగేసి తేల్చాడు. ఆ పాటి ఓపిక మా విషయంలో కూడా చూపమంటున్నాం. నవాబు డబ్బు మేం అడగలేదు, అది మాకు రాదు కూడా. ఆయన బాకీని మా పేరున రాయకండి. మా చావుల్నీ, మా చెమటనీ మా పేరునే రాయండి.