వొలోజిన్‌లో రాత్రి చదువు

తలుపు తోసుకుని లోపలికి రండి. బయట 1890 నాటి చలికాలం. మిన్స్క్‌కు పడమట వొలోజిన్ అనే చిన్న ఊరు మంచులో ముడుచుకుని ఉంది. లోపల మాత్రం హోరు. అర్ధరాత్రి దాటినా ఈ సావిడి నిద్రపోదు. వంతులు వేసుకున్నారు. ఒక జట్టు పడుకోవడానికి లేస్తే ఇంకో జట్టు వచ్చి కూర్చుంటుంది. లోకంలో యూదుల ధర్మగ్రంథమైన తోరా చదువు ఒక్క క్షణం ఆగినా లోకం నిలవదని 1803లో ఈ యెషీవాను, అంటే యూదు ధర్మ విద్యాలయాన్ని, పెట్టిన రబ్బీ హయీమ్ నమ్మాడు.

మౌనంగా చదివేవాళ్లు కనిపించరు. బల్లల మీదికి వాలి, ముందుకూ వెనక్కూ ఊగుతూ, ప్రశ్నకో రాగం, జవాబుకో రాగం తీస్తున్నారు. దీపాల కింద తోరా ధర్మం మీద చర్చల సంకలనమైన తాల్ముద్ పెద్ద పెద్ద సంపుటాలు. పుట నడుమ మూలం, ఒక పక్క రాషీ అనే పండితుడి వ్యాఖ్య, ఇంకో పక్క తోసాఫోత్ అనే మధ్యయుగపు పండితుల చర్చ.

ఆ మూలనున్న కుర్రాడి పక్కన నిలబడండి. ఇక్కడ విద్యార్థుల్ని సొంత పేరుతో కాక ఊరిపేరుతో పిలుస్తారు. ఇతను గ్రోద్నో కుర్రాడు. జేబులో ఇంటినుంచి వచ్చిన ఉత్తరం ఉంది. వొలోజిన్‌లో పేరు తెచ్చుకున్నవాడికి పిల్లనివ్వడానికి ధనికులైన వర్తకులు ముందుకొస్తారు. ఏదో ఒక ఊళ్లో రబ్బీ పదవీ దొరకవచ్చు. ఉత్తరం నిండా ఆ మాటలే. తెల్లవారాక పెద్ద గురువు నెత్సివ్ ఎదుట ఒక గట్టి ప్రశ్న వేసి మెప్పు పొందాలని ఇతని ఆరాటం.

వేలు ఒక చోట ఆగింది. పెసాహీమ్ సంపుటం. రవ్ యెహూదా తన గురువైన రవ్ మాటగా చెబుతున్నాడు: వేరే ఆశతోనైనా సరే, మనిషి తోరా చదవాలి, ఆజ్ఞలు పాటించాలి. అలా చేయగా చేయగా తోరా కోసమే చదవడం అలవడుతుంది. కుర్రాడి మొహం విప్పారింది. అంతలోనే బెరఖోత్ సంపుటంలో చదివింది గుర్తొచ్చి ముడుచుకుపోయింది. తోరా కోసం కాక చదివేవాడు పుట్టకపోయి ఉంటేనే మేలని అక్కడ ఉంది. రెండూ తాల్ముద్ మాటలే. ఏది నిజం?

"తోసాఫోత్ చూశావా?" పక్క బల్ల నుంచి కోవ్నో వాడు అడుగుతున్నాడు. వయసులో పెద్దవాడు. లేచి వచ్చాడు. బెరఖోత్‌లోని ఆ మాట దగ్గర తోసాఫోత్ చెబుతున్నది ఇదీ: గౌరవం కోసం చదివేవాడు వేరు, ఎదుటివాణ్ని ఓడించి నొప్పించడానికి చదివేవాడు వేరు. మొదటివాడికి దారి తెరిచే ఉంది. ఆ కఠినమైన మాట రెండోవాడికి.

ఈ గీత గీసినవాళ్లకు నేను మనసారా మొక్కుతాను. మనసు కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకోమంటే ఈ సావిడిలో ఎవరు మిగులుతారు? పన్నెండో శతాబ్దంలో యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కూడా పిల్లవాడికి మొదట అత్తిపండో తేనో ఆశచూపాలనీ, పెద్దవాడయ్యేకొద్దీ బట్టలూ డబ్బూ పదవీ అంటూ ఆశను మార్చాలనీ రాశాడు. అసలు గమ్యం సత్యం కోసమే సత్యాన్ని వెతకడమని మాత్రం ఆయన మరువలేదు. రబ్బీ హయీమ్ ఇంకొక అడుగు ముందుకేశాడు. ఆయన మరణించాక 1824లో అచ్చయిన 'నెఫెష్ హహయీమ్'లో చెప్పేదేమంటే, పొద్దస్తమానం చదివేవాడికి ఎప్పుడో ఒకప్పుడు శుద్ధమైన తలపు కలగకుండా పోదు. అప్పుడు అంతకుముందు కలుషితమైన ఆశతో చదివిన చదువంతా పావనమవుతుంది. హసిదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువులు చదువులో దేవుడితో తాదాత్మ్యం కోరమన్నారు. ఆయనేమో తోరా కోసం చదవడమంటే తోరాను తెలుసుకోవడం, అర్థం చేసుకోవడమేనన్నాడు. మొదలుపెట్టే ముందు కాసేపు దేవుణ్ని తలుచుకో, ఆ తర్వాత ముందున్న విషయంలో మునుగు.

నాకు ఆయన మాటే నమ్మదగినదిగా తోస్తుంది. గ్రోద్నో కుర్రాణ్ని చూడండి. అరగంటగా ఉత్తరం ఊసే లేదు. నెత్సివ్ మెప్పూ గుర్తు లేదు. ఆ రెండు వాక్యాలూ ఎలా పొసగుతాయన్నదొక్కటే కావాలి. తన మనసు శుద్ధమైందో లేదో తరచి చూసుకునే తీరికే లేదు.

జిటోమిర్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల బియాలిక్ కూడా ఈ ఏడాది ఇక్కడి విద్యార్థే. లౌకిక విద్యలూ దొరుకుతాయన్న ఆశతో వచ్చినవాడు. వచ్చే ఏడాది వెళ్లిపోతాడు, హీబ్రూ మహాకవి అవుతాడు, రేయింబవళ్లు చదివే యెషీవా విద్యార్థి మీద దీర్ఘకవిత రాస్తాడు. 1892లో రష్యా ప్రభుత్వం ఈ తలుపులు మూయిస్తుంది.

ఈ రాత్రి మాత్రం వాదన ముదురుతోంది. "నీతో వాదించి గెలవాలని నాకుంది. నేను గౌరవం కోరేవాణ్నా, నొప్పించేవాణ్నా?" గ్రోద్నో కుర్రాడు అడిగాడు. కోవ్నో వాడు జవాబు చెప్పేలోపే మూడో గొంతు అడ్డొచ్చింది: ముందు ఆ బెరఖోత్ సంపుటం ఇలా తెమ్మంటోంది.