రైలు వంతెనలు – వరద గణితము

1956 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి, నాటి హైదరాబాదు రాష్ట్రమున జడ్చర్ల, మహబూబ్‌నగరు స్టేషన్ల నడుమ ఒక వంతెన రైలుబండి క్రింద కూలిపోయెను. నూరుగురికి పైగా ప్రయాణికులు అసువులు బాసిరి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా సమర్పింపగా ప్రధానమంత్రి నెహ్రూగారు దానిని అంగీకరింపలేదు. మూడు నెలలు నిండకమునుపే, నవంబరు 23వ తేదీ తెల్లవారుజామున, మద్రాసునుండి తూత్తుకుడికి పోవు ఎక్స్‌ప్రెస్ బండి అరియలూరు సమీపమున మరుదయ్యారు వంతెనవద్ద వరద పాలయ్యెను. ఈ పర్యాయము మృతులు నూట నలుబదికి పైబడిరి. శాస్త్రిగారు మరల రాజీనామా నొసగిరి. ఈసారి అది అంగీకరింపబడెను.

ఆ రాజీనామా కథ దేశమున బడిపిల్లలకు సైతము తెలిసినదే. దాని వెనుక మరియొక కథ కలదు. అది అంత ప్రసిద్ధము కాదు. అందు నాయకుడనదగిన వ్యక్తి లేడు. వాన కొలత గిన్నెలు, వంతెన స్తంభములపై గీసిన అంకెలు, వానకాలపు రాత్రులలో లాంతరు పట్టుకొని ఆ అంకెలను చదివి పుస్తకమున కెక్కించిన చిన్న ఉద్యోగులు – వీరే అందలి పాత్రలు. ఆ కథ నడచుటకు ఇంచుమించు పాతికయేండ్లు పట్టినది.

పెద్ద నదులపై వంతెనలకంటె చిన్న వాగులపై వంతెనలే ఎక్కువ ప్రాణములను బలిగొన్నవన్న మాట వినుటకు వింతగా తోచును. రాజమహేంద్రవరమువద్ద 1900లో తెరచిన హావ్‌లాక్ వంతెన గోదావరి వరదల నెన్నింటినో చూచి, 1997లో వయసు మీరి విశ్రాంతి గొన్నదే గాని కూలిపోలేదు. కడప జిల్లా మంగపట్నమువద్ద 1902లోను, జనగామ సమీపమున 1954లోను బండ్లను పొట్టబెట్టుకొన్నవి మాత్రము దేశపటములలో పేరైన సరిగా కానరాని ఏరులే. కారణము సులభముగ గ్రహింపదగినది. గోదావరిని మనుష్యులు ఎరుగుదురు. ఆనకట్ట కట్టిన నాటినుండి ధవళేశ్వరమువద్ద దాని మట్టమును కనిపెట్టుచు, వ్రాసియుంచుచు వచ్చిరి. ఏడాదిలో పది నెలలు ఇసుక మేటలతో ఎండియుండి, ఒక్క రాత్రి మూడు నాలుగు గంటలు మాత్రమే ఉగ్రరూపము దాల్చు వాగును ఎవరు కొలిచిరి? కొలువవలెనన్న తలంపు కలుగునప్పటికే అది పోయియుండును.

అట్టి వాగుపై వంతెన కట్టవలసిన ఇంజనీరునకు పూర్వము ఆధారములు రెండే. ఊరి పెద్దలను విచారించి, పాత వరద ఏ చెట్టు మొదలు తాకినదో, ఏ గుడి మెట్టు ముంచినదో తెలిసికొనుట ఒకటి. సూత్రమును ఆశ్రయించుట రెండవది. 1865లో డికెన్సు అను ఇంజనీరు ఉత్తరదేశపు అనుభవమునుండి ఒక సూత్రమును చెప్పెను. 1884లో రైవ్సు దక్షిణదేశమునకు మరియొకటి చెప్పెను. హైదరాబాదు సంస్థానమున నిజాంసాగరు నిర్మాతయగు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ దక్కను భూములకు వేరొక సూత్రమును కూర్చెను.

వీనిలో తెలుగుదేశపు వంతెనల కెక్కువగ అక్కరకు వచ్చినది రైవ్సు సూత్రము. వాగులోనికి నీరు చేర్చు నేల యంతటిని పరీవాహక ప్రాంతమందురు. దాని వైశాల్యమునకు ఘనమూలము తీసి, ఆ సంఖ్యను వర్గించి, ఒక గుణకముతో హెచ్చవేసినయెడల, సెకనుకు ఎన్ని ఘనమీటర్ల నీరు వచ్చునో తెలియునని ఆయన మతము. తూర్పు సముద్రతీరమునకు 80 కిలోమీటర్ల లోపలనైన గుణకము 6.8, 80 మొదలు 160 వరకు 8.5, కొండల చేరువ 10.2. నూరు చదరపు కిలోమీటర్ల వాగును తీసికొందము. మొదటి గుణకముతో లెక్కించిన 146 ఘనమీటర్లు వచ్చును, మూడవదానితో 220. వాగు అదియే, నేల అదియే. గుణకము మారినంతమాత్రమున వరద ఒకటిన్నర రెట్లయ్యెను. ఆ గుణకమును ఎంచుకొనువాడు బల్లముందు కూర్చున్న ఇంజనీరు. ఎక్కువ వేసినచో ఖర్చు పెరిగినదని పైవారు ప్రశ్నింతురు. తక్కువ వేసినచో ప్రశ్నించునది వాగు.

ఈ సూత్రములను తేలికగ త్రోసిపుచ్చుట న్యాయము కాదు. కొలతలు లేని కాలమున కంటితో చూచిన వరదలనే ఆధారముగ గొని, ఆనాటి పెద్దలు చేయగలిగినంత చేసిరి. వాని ననుసరించి కట్టిన వంతెనలు నేటికిని వేలకొలదిగ నిలిచియున్నవి. లోపము మరియొకచోట నున్నది. రైవ్సు సూత్రమునకు వైశాల్యము తప్ప మరేమియు వినబడదు. విసనకఱ్ఱవలె విప్పారిన ప్రాంతమునుండి నలుదిక్కుల నీరు ఒకేసారి వంతెన చేరును. అంతే వైశాల్యము గలిగి సన్నగ, పొడవుగ నున్న ప్రాంతమునుండి అదే నీరు వరుసగ, నింపాదిగ వచ్చును. నల్లరేగడి నేల వేరు, ఱాతినేల వేరు. ఒక్క గంటలో కురిసిన నాలుగంగుళములు వేరు, ఒక పగలంతయు కురిసిన నాలుగంగుళములు వేరు. అన్నిటికంటె ముఖ్యముగ, తాను చెప్పిన వరద పదేండ్ల కొకసారి వచ్చునదో, నూరేండ్ల కొకసారి వచ్చునదో ఆ సూత్రము చెప్పజాలదు.

1957లో భారత ప్రభుత్వము డాక్టరు ఎ. ఎన్. ఖోస్లాగారి అధ్యక్షతన ఇంజనీర్ల సంఘము నొకదానిని నియమించెను. ఇసుక పునాదులపై ఆనకట్టలు ఎట్లు నిలుచునో పరిశోధించి అంతకు ఇరువది యేండ్లనాడే కీర్తిగాంచిన పండితుడాయన. 1959లో వెలువడిన సంఘ నివేదిక పాత సూత్రముల లోపములను ఎత్తిచూపి ఊరకుండలేదు. దేశమును వాన తీరునుబట్టి, నేల తీరునుబట్టి ఉపమండలములుగ విభజింపవలెననియు, ప్రతి ఉపమండలమునను కొన్ని వాగులను ఎంచి వానను, వరదను ఏండ్ల తరబడి కొలువవలెననియు, ఆ కొలతలనుండియే వంతెనలకు లెక్కలు కట్టవలెననియు నిర్దేశించెను.

మహబూబ్‌నగరు, అరియలూరు దుర్ఘటనలు జరిగిన మరుసటి యేడు, అనగా 1957లోనే, లక్నోలోని రైల్వే పరీక్షా పరిశోధన కేంద్రమును, అంతకుముందే యున్న కేంద్ర ప్రమాణముల కార్యాలయమును కలిపి రైల్వేలు ఒక పరిశోధన సంస్థను నెలకొల్పినవి. ఆర్.డి.ఎస్.ఓ. అను పొడి అక్షరములతో రైల్వే కుటుంబములందరును ఎరిగిన సంస్థ అది. వాగులను కొలుచు భారము దానిపై పడినది. ఎంపిక చేసిన రైలు వంతెనలవద్ద నీటి మట్టమును చదువుటకు కొలబద్దలు నాటిరి. పైనున్న పరీవాహక ప్రాంతమున వాన కొలత యంత్రముల నుంచిరి. వానకాలమంతయు గంట గంటకు, రేయింబవళ్లు, మట్టము చదువవలెను. ప్రవాహ వేగమును కొలువవలెను. ఒక వానకాలముతో ముగియు పని కాదది. కొన్ని యేండ్లు వాగు రానేరాదు. వచ్చిననాడు కొలబద్దనే పెరికి కొట్టుకొనిపోవుటయు కద్దు. కార్యాలయములలో ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియును. వాగు ఆ తేదీని పాటింపదు. ప్రగతి నివేదికలో చూపుటకు ఏమియు లేక గడచిన సంవత్సరములకు గూడ జీతములిచ్చి పని నిలుపకుండుట ఈ కథలో చెప్పుకొనదగిన విషయము.

ఆ కొలతలనుండి వరదను రాబట్టు పద్ధతికి మూలము 1932లో అమెరికాలో షెర్మను అను ఇంజనీరు చెప్పిన యూనిట్ హైడ్రోగ్రాఫు. పేరు భయపెట్టినను భావము సరళమైనది. ఒక వాగు పరీవాహక ప్రాంతముపై నిర్ణీత కాలములో కురిసి, నేలలో ఇంకక పారిన ఒక సెంటీమీటరు వానకు, వంతెనవద్ద నీరు ఏ గంటకు ఎంత పెరిగి, ఎంతలో తీయునో గీతగ గీసినయెడల, అది ఆ వాగు యొక్క చేవ్రాలు వంటిది. అంతే కాలములో పది సెంటీమీటర్లు పారినచో ఆ గీత పదిరెట్లు ఎత్తు లేచును. కొన్ని వాగుల చేవ్రాళ్లు దొరకినచో, వాని పొడవు, వాలు, వైశాల్యములతో సంబంధము కనుగొని, అదే ఉపమండలములో ఎన్నడును కొలువని వాగునకు సైతము గీత గీయవచ్చును. ఇక ఏబదియేండ్ల కొకసారి వచ్చు వాన ఎంతో తెలియవలెను. అది చెప్పవలసినది వాతావరణ శాఖ. లెక్కలు కట్టినది కేంద్ర జలసంఘము. రోడ్డు వంతెనల నిమిత్తము రవాణా శాఖయు చేరినది. నాలుగు శాఖలు ఒక పనిని కలిసి ముగించిన ఉదాహరణములు ప్రభుత్వ చరిత్రలో విరివిగ దొరకవు. ఫైళ్ల ప్రయాణము నెరిగినవారికి ఇందలి కష్టము వేరుగ చెప్పనక్కరలేదు.

ఫలితములు ఉపమండలముల వారీగ పుస్తకములై వెలువడినవి. దిగువ గోదావరి పుస్తకము 1981లో, కృష్ణా–పెన్నా పుస్తకము 1983లో, తూర్పుతీరమునకు సంబంధించినది 1987లో వచ్చినవి. కృష్ణా పరీవాహకమున జరిగిన మహబూబ్‌నగరు దుర్ఘటననాటి ప్రశ్నకు, దుర్ఘటన జరిగిన 27 ఏండ్లకు, అచ్చులో సమాధానము లభించెను.

ఏబదియేండ్ల వరద అన్న మాటను పలువురు అపార్థము చేసికొందురు. ఒకసారి వచ్చినచో మరి ఏబదియేండ్లు రాదని దాని అర్థము కాదు. ఏ యేడాదియైనను అది వచ్చుటకు ఏబదింట ఒక పాలు అవకాశమున్నదని మాత్రమే. ఆ లెక్కన, ఏబదియేండ్ల కాలములో అట్టి వరద ఒక్కసారియైన వచ్చుటకు నూటికి సుమారు 64 పాళ్లు అవకాశము కలదు. అందుచేతనే ముఖ్యమైన వంతెనలకు నూరేండ్ల వరదను లెక్కలోనికి తీసికొందురు.

ఇంత శ్రమకును లొంగని విషయ మొకటి తెలంగాణ నేలలో మిగిలిపోయినది – చెరువు. అచట వాగు ఒంటరిది కాదు. పై చెరువు అలుగు క్రింది చెరువులో పడును. దాని అలుగు ఆ క్రిందిదానిలో. ఈ గొలుసు కాకతీయులనాటిది, రైతునకు ప్రాణము. ఒక్క కట్ట తెగినచో దాని నీరు క్రింది కట్టను తెంచును. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినపుడు, కారణములను విచారించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదికి పైనున్న 788 చెరువులలో 221 తెగినట్లు లెక్క తేల్చిరి. వానను బట్టి వరదను చెప్పు ఏ గీతయు తెగిన కట్టనుండి వచ్చు నీటిని చెప్పజాలదు. ఆ నీరు ఆనాటి వాన ఒక్కటే కాదు. నెలల తరబడి నిలువచేసిన వాన.

2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారుజామున రేపల్లెనుండి సికింద్రాబాదునకు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు నల్లగొండ జిల్లా వలిగొండవద్ద వరదలో కూలెను. భారీ వర్షమునకు ఎగువ చెరువు తెగి, ఆ నీరు చిన్న వంతెనను ఊడ్చుకొని పోయినది. నూరుగురికి పైగా మరణించిరి. మహబూబ్‌నగరు దుర్ఘటన జరిగి అప్పటికి 49 ఏండ్లు.

రైలుమార్గమునకు ఎగువనున్న చెరువులను పట్టికలో వ్రాసి, రాష్ట్రప్రభుత్వపు ఇంజనీర్లతో కలిసి వానకాలమునకు ముందు తనిఖీ చేయవలెనన్న నియమము రైల్వేలలో కలదు. కాని చెరువు ఒక ప్రభుత్వముది, పట్టా మరియొక ప్రభుత్వముది. కట్టపై కంప పెరుగుట, అలుగు పూడుట, తూము పగులుట రైలునుండి చూచువారికి కనబడవు. వరద గణితము ఇచట ఇంజనీరు చేతినుండి జారి, చెరువు కట్టపై నడచి చూచువాని చేతిలో పడినది.

2024 ఆగస్టు చివరి రాత్రి మహబూబాబాదు జిల్లాలో కుంభవృష్టి కురిసెను. కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ పొంగిన నీరు పట్టాల క్రింది కంకరను, కట్టను కోసివేయగా, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. కాజీపేట–విజయవాడ మార్గమది; బండ్ల రద్దీ మెండు. పట్టా స్థితి సమయమునకు తెలియవచ్చి బండ్ల నన్నిటిని ఎక్కడివక్కడ నిలిపివేసిరి. ప్రయాణికులు చీకటిలో, వానలో, స్టేషన్లలో గంటల తరబడి పడిగాపులు పడిరి, తిట్టుకొనినవారును ఉండియుందురు. కొన్ని దినములలో కట్టను మరల పోసి మార్గమును తెరచిరి. ఆ రాత్రి ఆ పట్టాలపై ఒక్క ప్రాణమును పోలేదు.