వార్డెన్ సంతకం

భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఈ మూడు మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే మందు అది. నడిపించింది పాత్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోడు నిలిచాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు ఎందరో.

హాస్టల్ పిల్లకు సారు మాటంటే మాటే. గంట కొడితే లేవాలి, పిలిస్తే లైన్లో నిలబడాలి. అమ్మానాన్నలేమో ఎక్కడో గూడెంలో. టీకాకు వాళ్ల అంగీకార పత్రం కావాలి. అంత దూరం దాన్ని మోసుకెళ్లడం కంటే వార్డెన్ చేత సంతకం పెట్టించడం తేలిక. తర్వాత కేంద్రం వేసిన విచారణ సంఘం రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 2,763 మీద వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలు. పిల్లల చేతిలో పెట్టిన కార్డు ఇంగ్లిష్‌లో ఉంది. వార్డెన్లను దుర్మార్గులనలేను. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, పాటించారు.

1961లో యేల్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ తన ప్రయోగంలో చూపించింది ఈ విధేయతనే. తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంటు షాకు ఇమ్మని ల్యాబ్ కోటు వేసుకున్నాయన ‘కానివ్వండి’ అంటుంటే 40 మందిలో 26 మంది ఆఖరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు ఉత్తుత్తివే. అయినా మనుషుల్ని అలా మోసగించి నలిపేయడం తప్పని మరో మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1964లోనే నిలదీసింది. ప్రయోగం చేసినాయన ముందే రాసిపెట్టుకున్న మాటలు దాటి ఒత్తిడి చేశాడని ఆ ప్రయోగాల టేపులు విన్న రచయిత్రి గినా పెర్రీ తర్వాత బయటపెట్టింది. ఎంతైనా మిల్‌గ్రామ్ దగ్గరికి వచ్చినవాళ్లు ఈ హాస్టల్ పిల్లల్లా కాదు, పేపర్లో ప్రకటన చూసి తమంతట తాము వచ్చిన పెద్దవాళ్లు.

ఖమ్మం సంగతికొస్తే, 2010లో టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న కబురు పొక్కింది. ఏప్రిల్‌లో కేంద్రం టీకాలు ఆపేయించింది. నీళ్లలో మునిగి ఒకరు, పురుగుమందు వల్ల మరొకరు... టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం తేల్చింది. నేనూ అదే నమ్ముతాను. కానీ సూది వేశాక ఎవరికేమైందో కనిపెట్టి చూసే ఏర్పాటే సరిగా లేదు. ఇది ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు నడిపినవాళ్లు మరి! ఆ పేరు చాటున ట్రయల్ నిబంధనలు తప్పించుకున్నారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో దులిపేసింది.

టీకా మంచిదే. వందకు పైగా దేశాల్లో వేస్తున్నారు. ఇక్కడ మాత్రం ఈ గొడవ తర్వాత దాన్ని జాతీయ టీకా కార్యక్రమంలో చేర్చే ఊసు పదేళ్లకు పైగా మూలనపడింది. ఈలోగా దేశంలో కోట్ల మంది ఆడపిల్లలు ఆ టీకా వయసు దాటిపోయారు.